ఒక నిమిషం ఊపిరి

గంట మోగింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్తున్నారు మీరు. ఇది క్రైస్ట్‌చర్చ్‌లోని నర్స్ మాడ్ పరీక్షా కేంద్రం. నర్సుల రిజిస్ట్రేషన్‌కు విడిగా చట్టం చేసిన మొదటి దేశం న్యూజిలాండ్. అది 1901 నాటి మాట. ఇప్పుడు మనలా బయటి దేశాల్లో చదివొచ్చిన నర్సులు ముందు రాతపరీక్ష, తర్వాత ఇక్కడ ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష గట్టెక్కాలి. మూడు గంటలు, పది స్టేషన్లు. గుంటూరులో ఎన్ని నైట్ డ్యూటీలు చేసిన చేతులో ఇవి! అయినా వేళ్లు చల్లబడ్డాయి.

మంచం మీద ఒక పెద్దాయన. మోకాలి ఆపరేషన్ అయి మూడో రోజని కాగితంలో ఉంది. పరీక్షకురాలు పక్కన నిలబడి రాసుకుంటోంది. మీరు చేతులు శుభ్రం చేసుకుని, ఆయన పేరు, పుట్టిన తేదీ ఆయన నోటే చెప్పించి, మణికట్టు పట్టీతో సరిచూస్తారు.

పిక్క నొప్పి అంటున్నాడు. కాలు ఎత్తులో పెడదామని ఆయన తల దగ్గరున్న దిండు మీదికి వెళ్లిన మీ చెయ్యి ఆగిపోతుంది. ఆయన మావోరీ, ఈ దేశపు మూలవాసి. వాళ్లకు తల పవిత్రం. తలకు వాడే దిండు కాళ్ల కిందికి పోకూడదు. తలగడ మీద కూర్చుంటే కసిరిన అమ్మమ్మ గుర్తొస్తుంది. అందిన సేవ తన సంస్కృతి దృష్ట్యా క్షేమంగా ఉందో లేదో చెప్పాల్సింది రోగే అని మావోరీ నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ పట్టుబట్టి నేర్పింది. 1992లో ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఆ పాఠాన్ని చదువులో చేర్చింది.

“కాలి కిందికి వేరే దిండు తెస్తాను, పెట్టనా?” ఆయన తలూపుతాడు.

ఇక ఊపిరి. లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీరే మారిపోతుంది. అందుకే నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుంటారు. ఒక కన్ను ఎదకు తగిలించుకున్న గడియారం మీద, ఒక కన్ను ఆయన ఛాతీ మీద. అర నిమిషం చూసి రెట్టింపు చేసేద్దామని మనసు తొందరపెడుతుంది. మీరు వినరు. నిమిషం నిండాక లెక్క 26. పెద్దవాళ్లకు 12 నుంచి 20 ఉండాలి. చార్టులో ఆ అంకె హెచ్చరిక రంగు గడిలో పడింది.

మోకాలి ఆపరేషన్. పిక్క నొప్పి. ఊపిరి వేగం. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరిందేమో! మూడు అధ్యాయాల్లో విడివిడిగా చదివినవి ఈ మంచం దగ్గర కలుసుకున్నాయి. ఇది ఎవరూ పక్కనుండి చెప్పరు. మీకే తట్టాలి.

మంచం తలవైపు ఎత్తి, డాక్టరుకు ఫోన్ చేస్తారు. మీరెవరో, ఎవరి గురించో, ఏం జరిగిందో, మీరేం చూశారో వరుసగా చెప్పి, చివర్న అడగాల్సింది అడిగేస్తారు: “వెంటనే వచ్చి చూడండి.” గొంతు వణకలేదు.

గంట. పక్క స్టేషన్ ఎదురుచూస్తోంది. ఆయన నటుడేనని మీకు తెలుసు. అయినా గడప దాటేముందు వెనక్కి తిరిగి, ఆయన ఛాతీ వైపే చూస్తారు.