మత్తుమందుల కేసుల్లో వాహనాల సివిల్ జప్తు (అమెరికా)

మత్తుమందుల రవాణాకు వాడారంటూ పోలీసులు పట్టుకున్న కారునో, పడవనో యజమానికి శిక్ష పడకపోయినా ప్రభుత్వం సొంతం చేసుకోవడాన్ని అమెరికాలో సివిల్ జప్తు అంటారు. ఇందులో ప్రతివాది మనిషి కాదు, వాహనమే. 1965లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఓ మద్యం కేసు పేరే ‘1958 ప్లిమత్ సెడాన్ వర్సెస్ పెన్సిల్వేనియా’. అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యం జప్తు కేసుల్లోనూ చెల్లదని కోర్టు అందులో తేల్చింది.

ఈ పద్ధతి బ్రిటిష్ నౌకాయాన చట్టాల నుంచి వచ్చింది. మనుషులకు శిక్ష పడకున్నా ఓడను జప్తు చేయవచ్చని 1827లో పామైరా కేసులో న్యాయమూర్తి జోసెఫ్ స్టోరీ తీర్పు రాశారు. 1921లో అప్పుమీద అమ్మిన హడ్సన్ కారులో పన్ను ఎగ్గొట్టిన సారా దొరికితే, ఏ పాపం ఎరగని అమ్మకందారుకూ కారు దక్కలేదు.

1970 నాటి సమాఖ్య మాదకద్రవ్యాల చట్టం మత్తుమందుల రవాణాకు వాడిన వాహనాల జప్తుకు వీలు కల్పించింది. ప్యూర్టోరికోలో అద్దెకిచ్చిన పడవలో ఒక్క గంజాయి సిగరెట్ దొరికింది. సంగతే తెలియని అద్దె కంపెనీ పడవను పోగొట్టుకుంది. 1974లో సుప్రీంకోర్టు ఆ జప్తును సమర్థించింది. 1984 చట్టంతో జప్తు సొమ్ములో వాటా స్థానిక పోలీసులకూ అందసాగింది. బండి పట్టుకున్నవాళ్లకే లాభం ముట్టే ఈ ఏర్పాటు మీద విమర్శలు రావడం సహజమే. సమాఖ్య కేసుల్లో రుజువు భారాన్ని ప్రభుత్వంపై పెట్టి, నేరంతో సంబంధం లేని యజమానులకు రక్షణనిచ్చిన 2000 నాటి సంస్కరణ చట్టం మెచ్చుకోదగ్గది. 2015లో న్యూ మెక్సికో రాష్ట్రం సివిల్ జప్తునే ఎత్తేసింది.

అన్నిటికన్నా పేరుపడ్డది ఇండియానాకు చెందిన టైసన్ టింబ్స్ కేసు. తండ్రి జీవిత బీమా సొమ్ముతో సుమారు 42,000 డాలర్లు పెట్టి ఆయన ల్యాండ్ రోవర్ కొన్నారు. మారువేషంలో ఉన్న పోలీసులకు కొద్దిపాటి హెరాయిన్ అమ్మి పట్టుబడి, నేరం ఒప్పుకున్నారు. రాష్ట్రం ఆయన బండిని జప్తు చేయబోయింది. ఆ నేరానికి గరిష్ఠ జరిమానా మాత్రం 10,000 డాలర్లే. మితిమీరిన జరిమానాలపై రాజ్యాంగ నిషేధం రాష్ట్రాలకూ వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ప్రకటించింది. తీర్పు రాసినవారు రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. బండి 2020లో తిరిగొచ్చింది. అది ఆయనదేనని రాష్ట్ర సుప్రీంకోర్టు 2021లో ఖరారు చేసింది.

అలబామాలో ఇతరుల చేతికిచ్చిన కార్లు డ్రగ్స్ కేసుల్లో చిక్కుకుని, ఇద్దరు మహిళలు నెలల తరబడి వాటికి దూరమయ్యారు. జప్తు విచారణ సకాలంలో జరిగితే చాలు, అంతకుముందే కారు పోలీసుల దగ్గర ఉండాలా అని తేల్చే ప్రత్యేక విచారణ అక్కర్లేదని 2024లో సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో చెప్పింది. న్యాయమూర్తి సోనియా సోటోమేయర్ భిన్నాభిప్రాయ తీర్పు రాశారు.