సుబ్బారావుగారి మందు, మా అక్కయ్య రక్తపు లెక్క

మేము చదివింది అరవ మీడియంలో. తెలుగు రాత ఇంట్లో అమ్మ దగ్గర పలక మీద నేర్చుకున్నదే. తప్పులుంటే పెద్దలు సర్దుకోవాలి.

ఆమధ్య మా అక్కయ్యకు మెడ దగ్గర బిళ్ళ కట్టింది. కీళ్ళవాతానికి ఆమె తొమ్మిదేళ్ళుగా వారానికొక రోజు మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నది. ముక్క తీసి పరీక్ష చేయించిన డాక్టరుగారు, "ఇది ఆ మందు మీద ఉన్నవాళ్ళకు వచ్చే లింఫు కణాల జబ్బు. వెంటనే కీమో వద్దు, ముందు మందు ఆపి చూద్దాం" అన్నారు. కేన్సరుకిచ్చే మందు వేసుకుంటే కేన్సరులాంటిది రావడమేమిటని బావగారు అడిగారు. జవాబు వెతుక్కుంటూ పోతే కథ భీమవరం దాకా వెళ్ళింది.

1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్ చదివింది మన తిరువల్లిక్కేణి హిందూ హైస్కూల్లోనే. తరువాత మద్రాసు మెడికల్ కాలేజీ. గాంధీగారి మాట విని ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ డిగ్రీ అయిన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారని చెబుతారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. తరువాత ఆయన అమెరికా వెళ్ళారు. లెడర్లే కంపెనీలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూకి పనికొచ్చిన మందు అది.

అదే బృందం ఫోలిక్ ఆమ్లానికి దొంగ తాళంచెవి లాంటిది కూడా చేసింది. పేరు అమినాప్టెరిన్. కణం పెరగడానికి ఫోలిక్ కావాలి. ఇది ఆ చోటులో దూరి పని ఆపుతుంది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తకేన్సరు పిల్లలు 16 మందికి ఇస్తే 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. ఆ వ్యాసం 1948 జూన్‌లో వచ్చింది. ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు, యాభై మూడేళ్ళకే. అమినాప్టెరిన్ తమ్ముడే మెథోట్రెక్సేట్. తక్కువ మోతాదులో వారానికొకసారి ఇస్తే కీళ్ళవాతం అణుగుతుందని 1985 నాటి పరీక్షల్లో తేలింది, 1988లో అమెరికా అనుమతి ఇచ్చింది. నోటి పుండ్లు, వికారం రాకుండా దానితోబాటు ఇచ్చే ఫోలిక్ బిళ్ళ కూడా ఆయన ప్రయోగశాల వారసత్వమే!

ఇక బావగారి ప్రశ్న. 1993లో అమెరికా వైద్యులు ఇద్దరు రోగుల సంగతి రాశారు. మెథోట్రెక్సేట్ మీద ఉండగా లింఫోమా వచ్చింది, మందు ఆపితే అదే కరిగిపోయింది. గడ్డలో ఎప్‌స్టీన్ బార్ వైరస్ దొరికింది. చిన్నప్పుడే చాలామందికి సోకి, ఒంట్లో నిద్రపోతూ ఉండేది అది. దాన్ని కాపలా కాసే లింఫోసైట్లు మందు వల్ల తగ్గితే లేచి కూర్చుంటుంది. కీళ్ళవాతమే లింఫోమా ముప్పును కొంత పెంచుతుంది కనుక నేరమంతా మందుదే అనలేం. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దీనికి చోటు దొరికింది. ఆ తరువాత ఎక్కువ లెక్కలు కట్టింది జపాను వైద్యులు. మందు ఆపిన రెండు వారాల్లో లింఫోసైట్లు పెరిగినవాళ్ళకే గడ్డలు కరగడం ఎక్కువని వాళ్ళు చూశారు. పెరగనివాళ్ళకు కీమో అవసరం పడే అవకాశం ఎక్కువ. కరిగినా కొందరికి మళ్ళీ వస్తుంది.

ఇక్కడ గుమాస్తా బుద్ధి పనికొచ్చింది. అక్కయ్య చీటీలో తెల్లకణాలు 5,200. అది సరిగానే ఉందని ఇంట్లో అందరం ఊరట పడ్డాం. కిందనే లింఫోసైట్లు 12 శాతం అని ఉంది. గుణిస్తే 624. మామూలుగా వెయ్యికి పైన ఉండాలి. మొత్తం చూసి తృప్తిపడి ఉపఖాతా చూడకపోతే ఏమవుతుందో మాకు తెలియనిదా! ముప్పై ఏళ్ళు లెడ్జర్లతోనే గడిపాం. చాలా ల్యాబుల చీటీల్లో శాతమే ఉంటుంది, గుణకారం మనమే చేసుకోవాలి.

మన సంఘంలో ఈ మందు వేసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ జబ్బు అరుదు. భయపడి సొంతంగా ఆపితే కీళ్ళు పాడవుతాయి. వారానికొకటి అన్నది రోజుకొకటి అనుకుంటే మూలుగ ఎండి ప్రాణం మీదికి వస్తుంది. బిళ్ళ కట్టినా, కారణం లేని జ్వరం వచ్చినా, బరువు తగ్గినా చెప్పండి. పాత చీటీలు పారేయకండి. అక్కయ్య పాతవి పాలపొడి డబ్బాలో దొరకబట్టే అంకె ఎప్పటినుంచి దిగుతోందో డాక్టరుగారికి చూపించగలిగాం.

మూడో వారం చీటీలో లెక్క 1,240కి వచ్చింది. బిళ్ళ సగానికి తగ్గింది. చేతివేళ్ళ నొప్పులు మాత్రం తిరిగొచ్చాయి, వేరే మందు సంగతి వచ్చే నెల చూద్దామన్నారు. అప్పటిదాకా అక్కయ్యకు కాఫీ గ్లాసు బావగారే అందిస్తున్నారు.