దీర్ఘకాలిక నొప్పులు – అయస్కాంత చికిత్స: సరిహద్దు కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

ప్రాణహిత, గోదావరి కలిసే చోట ఉన్న సిరోంచ తాలూకాలో నడుమునొప్పి, మోకాళ్ళ నొప్పి ఎరుగని ఇల్లు అరుదు. వంగి నాట్లు వేయడం, మిరపకాయలు ఏరడం, వేసవిలో తునికాకు కోసి కట్టలు కట్టడం – ఇవన్నీ నడుముపై భారం వేసే పనులే. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు స్థాపించిన 'సెర్చ్' సంస్థ పరిశోధకులు కూడా గడ్చిరోలి గ్రామాలలో ఈ నొప్పులను అధ్యయనం చేశారు. మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. అటువంటి నొప్పితో విసిగినవారికి అయస్కాంత పట్టీలు, కడియాలు, చెప్పుల అట్టలు ఆశ కల్పిస్తాయి. మరాఠీలో దీనినే 'చుంబక చికిత్స' అంటారు.

చరిత్ర

సూదంటురాయికి రోగాలను లాగివేసే శక్తి ఉందన్న నమ్మకం చాలా పాతది. 16వ శతాబ్దంలో పారాసెల్సస్ అనే వైద్యుడు అయస్కాంతాలను వైద్యంలో వాడాడు. 18వ శతాబ్దంలో మెస్మర్ అనే వైద్యుడు మొదట అయస్కాంతాలతో, తరువాత 'ప్రాణి అయస్కాంత శక్తి' పేరుతో చికిత్స చేసి ఐరోపాలో పేరు పొందాడు. 1784లో ఫ్రాన్సు రాజు నియమించిన సంఘం ఆ పద్ధతిని పరీక్షించింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజర్ అందులో సభ్యులు. రోగుల కళ్ళకు గంతలు కట్టి చూడగా, శక్తి ప్రయోగించామని నమ్మించినప్పుడే వారిలో మార్పు కనిపించింది. ఆ ఫలితానికి కారణం ఊహాశక్తి అని సంఘం తేల్చింది.

పరీక్షలు ఏమి చెబుతున్నాయి?

1997లో అమెరికాలో పోలియో అనంతర నొప్పులున్న 50 మందికి 45 నిమిషాలపాటు కొందరికి అసలు అయస్కాంతాలు, కొందరికి నకిలీవి పెట్టి చూశారు. అసలువి పెట్టినవారిలో ఎక్కువ మందికి ఉపశమనం కలిగింది. అయితే 2000లో నడుమునొప్పి ఉన్న 20 మందిపై, 2003లో మడమనొప్పి ఉన్నవారిపై జరిగిన పరీక్షలలో అసలుకూ నకిలీకీ తేడా కనిపించలేదు. 2007లో కెనడా వైద్య సంఘం పత్రికలో వచ్చిన సమీక్ష, నొప్పి తగ్గించడానికి ఈ అయస్కాంతాలను సిఫారసు చేయదగిన ఆధారం లేదని పేర్కొంది. కీళ్ళ అరుగుదల విషయంలో మాత్రం ఇంకా పరిశోధన అవసరమని తెలిపింది.

"రక్తంలో ఇనుము ఉంది కదా, అయస్కాంతం దానిని లాగదా?" అని అడిగేవారున్నారు. రక్తంలోని ఇనుము మేకులోని ఇనుము వలె అయస్కాంతానికి అంటుకోదు. ఎం.ఆర్.ఐ. యంత్రపు అయస్కాంతం సాధారణంగా 15,000 గాస్ లేదా అంతకు మించిన శక్తి గలది. అందులో పడుకున్న మనిషి రక్తప్రవాహమే ఆగనప్పుడు చిన్న బిళ్ళ చేయగలిగేది ఎంత?

మరి కొందరికి హాయి ఎందుకు కలుగుతుంది? నొప్పి సహజంగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పట్టీ ఇచ్చే వెచ్చదనం, ఒత్తిడి, మనసులోని నమ్మకం కూడా తోడ్పడతాయి. ఆ ఉపశమనం అబద్ధం కాదు. కానీ వ్యాధి నయమైనట్లు కాదు.

జాగ్రత్తలు

గుండెకు పేస్‌మేకర్ గానీ, ఒంటికి ఇన్సులిన్ పంపు గానీ అమర్చుకున్నవారు అయస్కాంతాలను దగ్గరకు రానీయరాదు. చిన్న పిల్లలకు అందనీయరాదు. రెండు బిళ్ళలు మింగితే అవి పేగు గోడల నడుమ ఒకదానినొకటి లాగి రంధ్రం చేయగలవు. కీళ్ళవాతం, మధుమేహం వంటి వ్యాధులు నయం చేస్తాయని చెప్పే మందుల ప్రకటనలపై 1954 నాటి చట్టం నిషేధం విధించింది. మాయా చికిత్సల ప్రకటనలనూ ఆ చట్టం నిషేధిస్తుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఆలస్యం. మన జిల్లాలో సికిల్ సెల్ వ్యాధి ఉంది. పిల్లలకు మాటిమాటికీ ఎముకలు, కీళ్ళు నొప్పులు వస్తుంటే కడియం తొడిగి ఊరుకోరాదు, రక్తపరీక్ష చేయించాలి. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద ఈ పరీక్ష ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. అదే విధంగా నడుమునొప్పితో జ్వరం, బరువు తగ్గడం, కాళ్ళు తిమ్మిరెక్కి బలం తప్పడం, మలమూత్రాలపై పట్టు పోవడం – వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వెన్నెముక క్షయ కూడా మొదట నడుమునొప్పిగానే కనిపించవచ్చు.

ఏమి చేయాలి?

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుమునొప్పికి వ్యాయామం, రోగికి అవగాహన కల్పించడం వంటి వాటిని సూచించింది. నడుము పట్టీలను అలవాటుగా వాడవద్దని చెప్పింది. పనిలో మధ్య మధ్య నడుము నిటారు చేయడం, బరువును మోకాళ్ళు వంచి ఎత్తడం, రోజూ కొంత నడవడం ఖర్చు లేని ఉపాయాలు.

వైద్యుడు చూసిన తరువాత కూడా అయస్కాంతపు పట్టీ కట్టుకోవాలని ఎవరికైనా అనిపిస్తే, అది తోడుగానే ఉండాలి. మందులు మానరాదు, అప్పు చేసి కొనరాదు. మిరప కూలి డబ్బు ముందుగా పరీక్షకు, ఆ తరువాతనే పట్టీకి.