కొత్వాలు వేషము, కంప్యూటరు తాళము

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారునకు కొద్ది దూరములో పురానీ హవేలీ యున్నది. నగర పోలీసు కమిషనరు కార్యాలయము చిరకాలము ఈ ప్రాంతముననే నడచెను. నిజాముల కాలములో ఆ యధికారిని కొత్వాలు అనెడివారు. 1920లో ఆ పదవికి వచ్చిన రాజబహద్దరు వెంకటరామారెడ్డిని జనులు నేటికిని కొత్వాలు వెంకటరామారెడ్డి యనియే స్మరింతురు. కొత్వాలు ఆజ్ఞ యనగా ఒక మనిషి చేతబట్టుకొని వచ్చెడి కాగితము. దానిపై ఒక ముద్ర. సందేహము కలిగినవాడు కచేరీకి నడచిపోయి అడిగి తెలిసికొనవచ్చును. దొంగముద్ర సృష్టింపవలెనన్న లోహము చెక్కగల పనివాడు కావలెను. అతడు నోరు మెదపకుండ నుండవలెను.

ఇప్పుడు ముద్రను చెక్క నక్కరలేదు. పోలీసు శాఖవారి చిహ్నము ఇంటర్నెట్టులో ఎల్లరకును కనబడుచునే యున్నది. దానిని తీసి మరియొకచోట అతికించుట క్షణకాలపు పని. ఈ సౌలభ్యము నుండి పుట్టిన మోసములలో ఒకటి పోలీసుల పేర వచ్చు రాన్సమ్‌వేర్. రాన్సమ్‌వేర్ అనగా కంప్యూటరును గాని, అందలి ఫైళ్ళను గాని యజమానికి అందకుండ చేసి, విడుదలకు సొమ్ము కోరెడి ప్రోగ్రాము.

దీని మొదటి రూపములో పోలీసు ప్రసక్తి లేదు. 1989 డిసెంబరులో జోసెఫ్ పాప్ అను అమెరికను జీవశాస్త్రజ్ఞుడు ఎయిడ్స్ వ్యాధిని గూర్చిన సమాచారమని చెప్పి, సుమారు 20,000 ఫ్లాపీ డిస్కులను అనేక దేశములకు టపాలో పంపెను. డిస్కును వాడిన కంప్యూటరును దాదాపు 90 పర్యాయములు తెరచి మూసిన పిమ్మట ఫైళ్ళ పేర్లు గుర్తింపరానివిగా మారిపోయెను. 189 డాలర్లను పనామా దేశములోని ఒక పోస్టుబాక్సునకు పంపవలెనని తెరపై ప్రకటన వచ్చెను. అది అద్దె బాకీ వసూలు వలె నుండెనే గాని జరిమానా వలె లేదు. నిపుణులు త్వరలోనే విరుగుడు కనుగొనిరి.

జరిమానా వేషము వేసినది రెవెటాన్ అను ప్రోగ్రాము. 2012లో ఇది ఐరోపా, అమెరికాలలో విస్తారముగా వ్యాపించెను. ఇది చేసిన పని చిత్రమైనది. ఇంటర్నెట్టుకు తగుల్కొనిన ప్రతి కంప్యూటరునకును ఐ.పి. చిరునామా అను సంఖ్య యుండును. దానిని బట్టి ఆ యంత్రము ఏ దేశములో నున్నదో చాలవరకు చెప్పవచ్చును. రెవెటాన్ ఆ సంఖ్యను చూచి, జర్మనీలో జర్మను పోలీసు చిహ్నమును, లండనులో మెట్రోపాలిటన్ పోలీసు చిహ్నమును, అమెరికాలో ఎఫ్.బి.ఐ. చిహ్నమును తెరనిండ చూపెను. “ఈ కంప్యూటరు ద్వారా అశ్లీల చిత్రములు చూడబడినవి, జరిమానా చెల్లించువరకు తాళము వేయబడినది” అని దాని సారాంశము. కొన్నిటిలో కంప్యూటరు కెమెరాలో కనబడు యజమాని ముఖమే ఒక మూల చూపబడెను. చూచినవానికి గుండె జారిపోవుట సహజము! సొమ్ము మాత్రము దుకాణములలో కొనదగిన ముందుచెల్లింపు చీటీల సంఖ్యల రూపములో అడిగెడివారు. ప్రభుత్వ ఖజానా జరిమానాను ఇట్టి చీటీలలో ఎన్నడు పుచ్చుకొనినది? భయములో ఈ ప్రశ్న తోచదు.

2012 డిసెంబరులో ఈ ముఠా నాయకుడని తలచబడిన రష్యను యువకుడొకడు దుబాయిలో పట్టుబడెను. ముఠాకు చెందిన మరి పదిమందిని పట్టుకొనినట్లు 2013 ఫిబ్రవరిలో స్పెయిను పోలీసులు ప్రకటించిరి.

ఇంతకును ఆ తాళము ఎంత గట్టిది? రెవెటాన్ సాధారణముగా ఫైళ్ళ జోలికి పోలేదు. తెరనంతయు కప్పు కిటికీ నొకదానిని తెరచి, దానిని మూయు మార్గములను అడ్డగించి, కంప్యూటరు లేచినప్పుడెల్ల తానును లేచునట్లు ఏర్పాటు చేసికొనెడిది. అనగా ఇంటి సామాను పదిలముగనే యున్నది. వాకిట ఒక బొమ్మ పోలీసు నిలుచున్నాడు. కంప్యూటరును సేఫ్ మోడ్‌లో తెరచి గాని, శుభ్రమైన వేరొక డిస్కుతో లేపి గాని ఆ ప్రోగ్రామును తొలగించినచో పని తీరును. ఇంకొక రకము ఇంతకంటె పేలవమైనది: తెరనిండ పరచుకొనిన వెబ్‌పేజీ మాత్రమే. ఎస్కేప్ మీట నొక్కి గాని, టాస్క్ మేనేజరు ద్వారా బ్రౌజరును మూసివేసి గాని దానిని వదలించుకొనవచ్చును. 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ పోలీసులు తమిళనాడులో ముగ్గురిని పట్టుకొనిరి. వారు చేసినది ఇట్టి నకిలీ నోటీసులతో తలకు 3,000 రూపాయలు గుంజుటయే. తక్కువ సొమ్ము కనుక పీడ వదలినదని చెల్లించి, సిగ్గుచేత ఎవరికిని చెప్పకుండ ఊరకుండిన వారే అనేకులు.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. తాళము బలహీనమైనచోటనే పోలీసు వేషము అవసరమైనది. 2013లో వెలువడిన క్రిప్టోలాకర్ ఫైళ్ళను నిజముగనే గూఢలిపిలోనికి మార్చెను; విప్పుటకు కావలసిన తాళపుచెవి దొంగల యొద్దనే యుండెను. అట్టివానికి వేషమెందుకు? 2017 మే 12న ప్రపంచమును చుట్టబెట్టిన వాన్నాక్రై కూడ నేరము మోపలేదు, నీతులు చెప్పలేదు. 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్ ఇమ్మని సూటిగా నడిగెను. అది ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లలో కొన్నిటిని సైతము పట్టెను. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలోని పోలీసు కార్యాలయములు దాని పాలబడినవి. ఆ లోపమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టువారు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, విడుదల చేసియుండిరి.

అట్లు తాళము ఒక దారిని, వేషము వేరొక దారిని పోయినవి. వేషము టెలిఫోనులోనికి చేరెను. హైదరాబాదువాసులకు ఇటీవల బాగుగ తెలిసివచ్చిన “డిజిటల్ అరెస్టు” ఇదియే. యూనిఫారము తొడిగినవాడొకడు వీడియో కాల్‌లో కనబడి, నీ పేర మాదకద్రవ్యముల పార్సెలు పట్టుబడినదనును, గది తలుపు వేసికొమ్మనును, ఎవరితోను మాటలాడవద్దనును. ఇందులో తాళము వేయు ప్రోగ్రామే లేదు. తాళము వేసికొనువాడు బాధితుడే. విశ్రాంత ఉద్యోగులు జీవితకాలపు పొదుపును ఇట్లు పోగొట్టుకొనిరి. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగములో దీనిని గూర్చి దేశమును హెచ్చరించిరి.

చట్టములో డిజిటల్ అరెస్టు అనునదియే లేదు. అరెస్టు చేయు అధికారి, నిందితుడు మాటచేత గాని చేతచేత గాని తనంతట లొంగిననే తప్ప, అతని శరీరమును నిజముగా తాకవలెను లేదా నిర్బంధింపవలెను అని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడ్ 46వ సెక్షను చెప్పెను. నేటి భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షను చెప్పుచున్నదియు అదియే. ప్రభుత్వోద్యోగి వేషము వేసినవానికి భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షను ప్రకారము ఆరునెలలకు తక్కువ గాకుండ మూడేండ్ల వరకు ఖైదు కలదు.

అయితే, కాగితముపై వచ్చినదే అసలు, తెరపై వచ్చినదెల్ల నకిలీ యని విద్యార్థులకు బోధించినను పొరపాటే. కోర్టు సమనును న్యాయస్థానపు ముద్రా ప్రతిబింబముతో ఎలక్ట్రానిక్ రూపమున పంపుటకు కొత్త చట్టము అనుమతించినది. పోలీసులు నిందితునికిచ్చు హాజరు నోటీసును మాత్రము వాట్సాప్‌లో పంపుట చెల్లదని 2025 జనవరిలో సుప్రీం కోర్టు స్పష్టము చేసెను. కావున ముద్రను చూచి తేల్చుకొనుట కష్టము. అడిగి తెలిసికొనుట సులభము: పాతబస్తీవారికి మీర్‌చౌకు, చార్మినారు ఠాణాలు నడకదూరములోనే యున్నవి. సొమ్ము అప్పటికే చేయిదాటినచో 1930 నంబరుకు వెంటనే ఫోను చేయవలెను. ఆ ధనము ఒక ఖాతా నుండి వేరొక ఖాతాకు పారిపోవు లోపల బ్యాంకులు దానిని నిలుపగలవు. అందులకు గల వ్యవధి సాధారణముగా గంటలలోనే యుండును.