రోగి పాత్రలో నటులు, పరీక్షలో డాక్టర్లు

పిడుగురాళ్ల సున్నపు బట్టీల ఊరు. చుట్టూ పత్తి, మిరప చేలు. పురుగుల మందు తాగినవాళ్లను 108లోనో, దొరికిన ఆటోలోనో వేసుకుని సత్తెనపల్లి మీదుగా గుంటూరు పెద్దాసుపత్రికి పరుగెత్తడం ఈ పల్నాటి పల్లెలకు కొత్త కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేశాక గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతుల ఆత్మహత్యలు మొదటిసారి పత్రికలకెక్కాయి. అప్పటి నుంచీ అదే దారి. ఆసుపత్రిలో ముందు అట్రోపిన్ ఇస్తారు, అవసరమైతే వెంటిలేటర్ పెడతారు. ప్రాణం నిలబడ్డాక సైకియాట్రీ విభాగం నుంచి ఒక పీజీ డాక్టరు వచ్చి మంచం పక్కన కూర్చుంటాడు. "ఎందుకు తాగావయ్యా?" అంటే ఆ మనిషి గోడవైపు తిరుగుతాడు. మరెలా అడగాలి? అడగడం వచ్చో రాదో పరీక్షలో ఎలా తేల్చాలి? వైద్యవిద్య ఈ రెండో ప్రశ్న దగ్గర చాలాకాలం తడబడింది.

పందొమ్మిదో శతాబ్దంలో మానసిక రోగి పాఠానికి ప్రదర్శనవస్తువు. పారిస్‌లో షార్కో, జర్మనీలో క్రెపెలిన్ రోగులను తరగతి గదికి రప్పించి, విద్యార్థుల ఎదుట మాట్లాడించి లక్షణాలు వివరించేవారు. మన వైపు అప్పటికి పాఠం మాట అటుంచి, పడకలే కొద్ది. వాల్తేరులో, మద్రాసు కిల్పాక్‌లో 1871లో పిచ్చాసుపత్రులు వెలిశాయి. గుంటూరు వైద్య కళాశాల 1946లో వచ్చింది. బెంగళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ 1954లో ఏర్పడి, ఆ మరుసటి ఏడాది నుంచి డిప్లొమా చదువు మొదలుపెట్టింది. ఆ సంస్థే తర్వాత నిమ్హాన్స్ అయింది.

ఇక్కడ స్థిరపడిన పరీక్ష 'లాంగ్ కేస్'. వార్డులోంచి ఒక రోగిని ఇస్తారు. గంటసేపు మాట్లాడి కేసు రాసుకుని పరీక్షకుల ముందు నిలబడాలి. వాళ్లు రోగ నిర్ధారణ అడుగుతారు, దానికి పోటీగా నిలిచే జబ్బులేమిటో అడుగుతారు, మందుల మోతాదులు అడుగుతారు. ఆ గంటలో రోగితో ఏం మాట్లాడారో చాలా వరకు ఎవరూ చూడరు. రోగిని కసిరి వివరాలు రాబట్టినవాడు, ఓపికగా విన్నవాడు ఒకే కాగితం పట్టుకుని లోపలికి వస్తారు. పైగా ఏటా పరీక్షలకు వచ్చి అలవాటైన రోగులు తమ జబ్బు పేరు తామే చెవిలో వేస్తారని మెడికల్ కాలేజీల్లో ఒక ముచ్చట ఉంది. నవ్వుకునే మాటే గానీ, నిజానికి అది పరీక్ష మీద పెద్ద ఫిర్యాదు.

ఈ లోపం అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టుకు ఒక రోగి ద్వారానే తెలిసింది. స్పెషలిస్టుల బోర్డు పరీక్షకు రోగిగా కూర్చున్న శామ్ అనే ఆయన ఒక అభ్యర్థి మొరటుతనానికి ఒళ్లు మండి, బలహీనంగా ఉన్నది ఈ వైపు కాదు ఆ వైపు అన్నట్టు నటించాడట. స్పర్శ తెలిసే చోట్లనూ మార్చేశాడట. ఆ సంగతి తనే బారోస్‌కు చెప్పాడు. రోగి అంత నమ్మకంగా నటించగలిగితే, ఆరోగ్యవంతుడికి రోగం నటించడం నేర్పితే తప్పేమిటి? 1963లో లాస్ ఏంజెలెస్‌లో, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రోజ్ మెక్‌విలియమ్స్ అనే ఆర్ట్ మోడల్ 'ప్యాటీ డగ్గర్' పేరుతో కాళ్లు చచ్చుబడిన మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగిగా తొలి పాత్ర వేసింది. మరుసటి ఏడాది బారోస్, అబ్రహామ్‌సన్ కలిసి వ్యాసం ప్రచురించారు. హాలీవుడ్ పక్కనే కావడంతో ఎగతాళి తప్పలేదు. వైద్యంలోకి నాటకాలు తెచ్చారన్నారు.

సైకియాట్రీకి ఈ ఎగతాళి ఎక్కువ గుచ్చుకోవాలి. 1973లో డేవిడ్ రోసెన్‌హాన్, లేని గొంతులు వినిపిస్తున్నాయని చెప్పిన మామూలు మనుషులను ఆసుపత్రులు రోగులుగా చేర్చుకున్నాయని రాసి సంచలనం రేపాడు. ఆ అధ్యయనం ఎంతవరకు నిజమన్న అనుమానాలు 2019లో సుసానా కహలాన్ పుస్తకంతో బలపడ్డాయి. అది వేరే కథ. నటిస్తే డాక్టర్లు నమ్ముతారన్న సంగతి మాత్రం పరీక్షలు పెట్టేవాళ్లకు పనికొచ్చింది.

బారోస్ నటులను ఇచ్చాడు, పరీక్షకు కావలసిన అచ్చును రొనాల్డ్ హార్డెన్ ఇచ్చాడు. స్కాట్లాండులోని డండీలో ఆయన బృందం 1975లో ప్రచురించిన పద్ధతిని ఇప్పుడు అందరూ 'ఆస్కీ' అంటున్నారు. విద్యార్థి ఒక్కొక్క గదిలో ఒక్కొక్క పని చేస్తాడు, గంట మోగగానే పక్క గదికి మారతాడు. అందరికీ అవే ప్రశ్నలు, అదే రోగి, అదే మార్కుల పట్టిక. లాంగ్ కేసులో ఉన్న అదృష్ట దురదృష్టాలు దీంతో బాగా తగ్గాయి.

పట్టిక కూడా మోసం చేస్తుందని కనిపెట్టింది సైకియాట్రిస్టులే. టొరంటోలో బ్రయన్ హాడ్జెస్ బృందం 1999లో చూపిందేమంటే, అనుభవం పెరిగేకొద్దీ డాక్టరుకు టిక్కుల పట్టికలో మార్కులు పెరగవు. కొత్తవాడు అన్ని ప్రశ్నలూ వరసగా అడిగేస్తాడు. చెయ్యి తిరిగినవాడు రెండు మాటల్లో సంగతి పట్టుకుని మిగతావి వదిలేస్తాడు. అందుకే మొత్తం సంభాషణను చూసి ఇచ్చే అంచనాకూ చోటివ్వాలన్న వాదన బలపడింది. ఈ రంగంలో ఇంతకంటే విలువైన పరిశోధన తక్కువేనని నా ఉద్దేశం.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ 1971లో ఏర్పడింది. దాని సభ్యత్వ పరీక్షే ఎమ్మార్సీసైక్. మొదటి భాగంలో 2003లో ఆస్కీ వచ్చింది. 2008 జూన్‌లో లాంగ్ కేసును పూర్తిగా పక్కనపెట్టి 'కాస్క్' తెచ్చారు. ఇందులో 16 స్టేషన్లు ఉంటాయి. ఇప్పుడు ఒక్కోదానికి 7 నిమిషాలు. సగం స్టేషన్ల ముందు సూచనలు చదువుకోవడానికి 4 నిమిషాలిస్తారు, మిగతా సగానికి నిమిషంన్నరే. ఒక గదిలో మాత్రలు మింగి బతికిన అమ్మాయి ఉంటుంది. మరో గదిలో తండ్రికి మతిమరుపు ఎందుకొచ్చిందని నిలదీసే కొడుకుంటాడు, ఇంకో గదిలో క్లోజపీన్ అనే మందు గురించి చెప్పమనే రోగి. అందరూ నటులే. 2020లో కోవిడ్ వల్ల ఈ నాటకం ఆన్‌లైన్‌కు మారింది.

బ్రిటన్ సైకియాట్రీ వార్డులు భారతీయ డాక్టర్ల మీద చాలాకాలంగా ఆధారపడ్డాయి. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ పరీక్షకు తయారీ పుస్తకం పట్టుకుని చేసేది కాదు. ముగ్గురు నలుగురు కలుస్తారు. ఒకరు రోగి, ఒకరు డాక్టరు, ఒకరు పరీక్షకుడు, ఫోనులో ఏడు నిమిషాల టైమరు. డ్యూటీ అయ్యాక వీడియో కాల్‌లో గంటలకొద్దీ ఇదే సాధన. ఆరో నిమిషంలో ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం మర్చిపోయామని గుర్తొస్తే అక్కడితో ఆ రౌండు పోయినట్టే. సానుభూతి వాక్యాలు బట్టీ పడతారు. మొదటి నిమిషంలో ఒకటి, ఏడుపు రాగానే ఒకటి. బట్టీ పట్టిన సానుభూతిని నటులు ఇట్టే పసిగడతారు. పాత్రధారి చెప్పిన చిన్న మాటను పట్టుకుని వెనక్కి వెళ్లి అడిగినవాడు నెగ్గుతాడు.

నటుల పరీక్ష అందరికీ ఒకటేనా అన్నది తేలని తగువు. దీన్ని కోర్టుకు తెచ్చింది సైకియాట్రీ కాదు, జనరల్ ప్రాక్టీసు. అక్కడి క్లినికల్ స్కిల్స్ పరీక్షలో తెల్లజాతి కాని డాక్టర్లు, ముఖ్యంగా విదేశాల్లో చదివి వచ్చినవాళ్లు, చాలా ఎక్కువగా తప్పుతున్నారని 2013లో ఇస్మాయిల్, రాబర్ట్స్ చూపారు. బ్రిటన్‌లోని భారతీయ వైద్యుల సంఘం బాపియో దావా వేసింది. 2014 ఏప్రిల్‌లో జస్టిస్ మిటింగ్ పరీక్ష చట్టసమ్మతమేనని తీర్పు చెబుతూ, సంఘానిది నైతిక విజయమని ఒప్పుకున్నారు. అమెరికాకు వెళ్లిన మనవాళ్లు మరో దారిలో ఇదే దాటారు. 1998 నుంచి విదేశీ డాక్టర్లకు, 2004 నుంచి అందరికీ నటులతో పరీక్ష పెట్టారు. వెయ్యి డాలర్లకు పైగా ఫీజు, పన్నెండు మంది రోగులు, ఒక్కొక్కరికి 15 నిమిషాలు. 2020లో ఆగిన ఆ 'స్టెప్ టూ సీఎస్'ను 2021 జనవరిలో రద్దే చేశారు.

మన దేశంలో 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మాట్లాడే నేర్పును, నైతికతను పాఠంగా చేర్చింది. అయినా సైకియాట్రీకి విడిగా పరీక్ష లేదు. అది జనరల్ మెడిసిన్‌లో కలిసిపోయింది. పీజీలో లాంగ్ కేసు ఏలుబడి సాగుతూనే ఉంది. నాకు దాని మీద పూర్తి విరోధం లేదు. నిజమైన రోగి ముందు గంటసేపు తడబడటం ఏ నటుడూ నేర్పలేని చదువు. ఆ గంటను ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూడాలంతే.

కాస్క్ గదిని యథాతథంగా దిగుమతి చేసుకున్నా లాభం లేదు. అక్కడి రోగి ఒంటరిగా కూర్చుంటాడు. గుంటూరు ఓపీలో రోగితో పాటు భార్య, అత్తగారు, బావమరిది వస్తారు, రోగి కంటే ముందు వాళ్లే మాట్లాడతారు. వాళ్లను నొప్పించకుండా కాసేపు బయటికి పంపడం ఇక్కడ పెద్ద నైపుణ్యం. బ్రిటిష్ స్టేషన్లో పారాసెటమాల్ ఎన్ని మాత్రలని అడుగుతారు. పల్నాటి స్టేషన్లో అడగాల్సినవి వేరు: మందు డబ్బాలు ఇప్పుడు ఇంట్లో ఎక్కడున్నాయి, కౌలు ఎంత బాకీ, దుకాణదారు ఇంటికొచ్చి ఏమన్నాడు. గుండె దడ, ఒళ్లంతా మంటలు, నిద్ర పట్టడం లేదు అని మొదలుపెట్టే మనిషిలో దిగులును పట్టుకోవాలి.

ఆ పాత్ర వేయగలవాళ్లకు ఇక్కడ కరువు లేదు. తెనాలి, చిలకలూరిపేట వైపు పరిషత్తు నాటకాలాడే నటులు ఒక సాయంత్రం రిహార్సల్‌తో కౌలురైతు పాత్ర పట్టేస్తారు. వాళ్లకు రోజు కూలి కాకుండా గౌరవంగా పారితోషికం ఇవ్వాలి, ఏడుపు పాత్ర పదిసార్లు వేశాక కాసేపు మాట్లాడి మామూలు మనిషిని చెయ్యాలి. పిడుగురాళ్లలో ప్రభుత్వ వైద్య కళాశాలకు 2021 మే 31న శంకుస్థాపన జరిగింది. పీజీ డాక్టర్లు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నిబంధన కూడా ఇప్పుడుంది. పరీక్షకు స్క్రిప్టులు రాయాల్సింది ఆ మూడు నెలల్లో, అక్కడి కేసు షీట్లు దగ్గర పెట్టుకుని, రోగుల పేర్లూ ఊళ్లూ మార్చి. వాటిని విశ్వవిద్యాలయం మార్కుల పట్టికలోకి ఎక్కించడానికి ఒక పాఠ్యసంఘం సమావేశం చాలు.