శనైశ్చరునికి ఆవల: కొత్త లోకాల అన్వేషణ

పావగడ పేరు చెప్పగానే దూరప్రాంతాల వారికి మొట్టమొదట స్ఫురించేది శనైశ్చరస్వామి దేవాలయం. శనివారం వచ్చిందంటే మన బస్‌స్టాండు యాత్రికులతో క్రిక్కిరిసిపోతుంది. ఏలినాటి శని ఏడున్నర సంవత్సరాలని మన ఇళ్లలో బడి మెట్లెక్కని అవ్వలకు కూడా తెలుసు. ఆ లెక్కలో ఒక ఖగోళ సత్యం ఇమిడి ఉన్నది. శనిగ్రహం సూర్యుని ఒకసారి చుట్టి రావడానికి సుమారు 29½ సంవత్సరాలు పడుతుంది. దానిని పన్నెండు రాశులకు పంచితే ఒక్కొక్క రాశికి ఇంచుమించు రెండున్నర సంవత్సరాలు. మూడు రాశులకు ఏడున్నర. మెల్లగా నడిచేవాడు కనుకనే పెద్దలు అతనికి శనైశ్చరుడని పేరు పెట్టారు.

దూరదర్శిని లేని కాలంలో గ్రహకుటుంబానికి శనియే పొలిమేర. ఆ పొలిమేరకు ఆవల ఏమున్నదనే ప్రశ్నకు గత రెండున్నర శతాబ్దాలుగా మానవుడు వెదకుతున్న సమాధానాల చరిత్రను మన పాఠశాల అమృతోత్సవ సంచికలో క్లుప్తంగా వివరించదలచాను. అందుకు నా స్వంత కారణం కూడా ఒకటి ఉన్నది; దానిని చివర మనవి చేస్తాను.

1781 మార్చి 13వ తేదీ రాత్రి ఇంగ్లండులోని బాత్ నగరంలో విలియం హెర్షెల్ తాను స్వయంగా తయారుచేసుకున్న దూరదర్శినితో ఆకాశాన్ని పరిశీలిస్తున్నాడు. అతని జీవనవృత్తి సంగీతం. చెల్లెలు కరోలిన్ అతనికి కుడిభుజం. తరువాతి కాలంలో ఆమె స్వయంగా ఎనిమిది తోకచుక్కలను కనుగొన్నది. ఆ రాత్రి హెర్షెల్ కంటబడిన కొత్త జ్యోతిని అతడు తోకచుక్క అనే భావించాడు. గమనమార్గాన్ని లెక్కగట్టిన తరువాతనే అది శనికి ఆవల తిరిగే గ్రహమని తేలింది. అదే యురేనస్. దాని ఒక్క ప్రదక్షిణకు 84 సంవత్సరాలు. మన పాఠశాల వయస్సు 75. అంటే మన బడి పుట్టిన నాటి నుండి నేటి వరకు యురేనస్ ఒక్క చుట్టు కూడా పూర్తి చేయలేదు!

యురేనస్ నడక గణితానికి పూర్తిగా లొంగలేదు. దానిని మరేదో గ్రహం ఆకర్షిస్తూ ఉండాలని ఫ్రాన్సులో లెవెరియే, ఇంగ్లండులో ఆడమ్స్ కాగితం మీదనే లెక్కలు వేశారు. లెవెరియే చెప్పిన చోటికి ఒక డిగ్రీలోపే, 1846 సెప్టెంబరు 23న, బెర్లిన్‌లో గాలే నెప్ట్యూన్‌ను చూశాడు. విశేషమేమంటే, గెలీలియో 1612లోనే ఆ గ్రహాన్ని చూసి నక్షత్రమని గుర్తుపెట్టుకున్నాడు. చూచుట వేరు, గుర్తించుట వేరు.

ఈ చరిత్రలో మన దక్షిణ దేశానికి కూడా ఒక అధ్యాయం ఉన్నది. దాని వెనుక ఉన్న వ్యక్తి మనలి కల్లట్ వేణు బాప్పు. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి కావడంతో ఆయన బాల్యం, నిజాం కళాశాల చదువు ఆ నగరంలోనే సాగాయి. హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనంతో హార్వర్డుకు వెళ్లి, 1949లో మరి ఇద్దరితో కలిసి ఒక తోకచుక్కను కనుగొన్నారు. స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత తమిళనాడులోని జవ్వాది కొండలలో, కావలూరు గ్రామం వద్ద ఒక వేధశాలను నెలకొల్పారు. 1972 నాటికి అక్కడ 102 సెంటీమీటర్ల దూరదర్శిని పనిచేయసాగింది.

1977 మార్చి 10న యురేనస్ ఒక మసక నక్షత్రానికి అడ్డుగా రానున్నదని ముందుగానే లెక్క తేలింది. అరుగు మీది దీపం ముందు నుండి ఎవరైనా నడిస్తే వెలుగు క్షణకాలం తగ్గుతుంది కదా! అదే విధంగా నక్షత్రపు వెలుగు తగ్గిన సమయాన్ని సూక్ష్మంగా కొలిస్తే, అడ్డువచ్చిన వస్తువు పరిమాణం తెలుస్తుంది. కావలూరులో భట్టాచార్య, కుప్పుస్వామి గార్లు ఆ దూరదర్శిని వద్ద సిద్ధంగా ఉన్నారు. గ్రహం ఇంకా దూరంగా ఉండగానే నక్షత్రం కొద్ది క్షణాలు మసకబారి మళ్లీ వెలిగింది. యురేనస్‌కు కొత్త ఉపగ్రహం ఒకటి ఉన్నదని వారు భావించి, ప్రఖ్యాత పత్రిక ‘నేచర్’లో ఆ విధంగానే ప్రకటించారు.

అదే సమయంలో హిందూ మహాసముద్రం మీద ఎగిరే విమానంలో అమర్చిన దూరదర్శినితో అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఎలియట్ బృందం కూడా పరిశీలిస్తున్నది. వారికి గ్రహానికి ఈ ప్రక్కన కొన్ని మసకలు, ఆ ప్రక్కన సరిసమానంగా కొన్ని మసకలు నమోదయ్యాయి. చంద్రుడైతే రెండు ప్రక్కలా ఒకే విధంగా ఉండడు. కనుక అవి వలయాలు! శనికి మాత్రమే ఉన్నాయనుకున్న వలయాలు యురేనస్‌కు కూడా ఉన్నాయని లోకానికి తెలిసింది. కావలూరు వారు చూసినది కూడా ఆ వలయాలలో ఒకదానినే. బాప్పు, భట్టాచార్య గార్లు తమ నమోదు పట్టీలను తిరిగి పరిశీలించి, అదే సంవత్సరం అదే పత్రికలో వలయాల గురించి వ్రాశారు. తాము ముందు చెప్పినదానిని తామే సవరించుకొనుటకు వారు వెనుకాడలేదు. నేటికి యురేనస్ చుట్టూ 13 వలయాలు గుర్తించబడ్డాయి.

బాప్పు 1982లో కాలధర్మం చెందారు. 1986 జనవరి 6న కావలూరు వేధశాలకు ఆయన పేరు పెట్టారు. అదే నెల 24న వాయేజర్-2 నౌక యురేనస్ సమీపం నుండి సాగిపోతూ ఆ వలయాలను చిత్రించింది. 1988 ఫిబ్రవరి 17న కావలూరులోనే రాజమోహన్ గారు ఒక చిన్నగ్రహాన్ని కనుగొన్నారు. అది 4130వ సంఖ్యతో, గణితమేధావి రామానుజన్ పేరుతో తిరుగుతున్నది.

ఇక ప్లూటో కథ. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఒక రైతు కుమారుడు క్లైడ్ టాంబో. వడగండ్లకు పంట నాశనం కావడంతో కాలేజీ చదువు ఆగిపోయింది. పైరు ఎండితే చదువు మాన్పించే కుటుంబాలు మన తాలూకాలో ఎన్ని లేవు! అయినా అతడు ఇంట్లోనే దూరదర్శినులు తయారుచేసుకొని, తాను గీసిన గ్రహాల చిత్రాలను లోవెల్ వేధశాలకు పంపి, అక్కడ ఉద్యోగం సంపాదించాడు. వేర్వేరు రాత్రుల ఛాయాచిత్రాలను ప్రక్కప్రక్కన పోల్చుతూ, 1930 ఫిబ్రవరి 18న కదలిన ఒక్క చుక్కను పట్టుకున్నాడు. దానికి ప్లూటో అనే పేరు సూచించినది ఆక్స్‌ఫర్డులోని 11 సంవత్సరాల బాలిక.

1992లో జ్యూయిట్, లూ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నెప్ట్యూన్‌కు ఆవల మరొక చిన్న లోకాన్ని చూశారు. తరువాత అటువంటివి వేలకొద్దీ బయటపడ్డాయి. 2005లో ప్లూటోకు ఇంచుమించు సాటి వచ్చే ఎరిస్ ప్రకటితమైంది. దానితో 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా నిర్ణయించింది. ఒకనాడు మన బాప్పు అధ్యక్షత వహించిన సమాఖ్యయే అది.

ఇప్పుడు నా మనవి. ఆ సంవత్సరం అర్ధవార్షిక పరీక్షలో ‘గ్రహాలు ఎన్ని?’ అని నేను ప్రశ్న ఇచ్చాను. ఒక విద్యార్థి ‘ఎనిమిది’ అని వ్రాశాడు. పాఠ్యపుస్తకంలో తొమ్మిది అని ఉన్నది. ఎర్రసిరాతో కొట్టివేశాను. ఆ పిల్లవాడు జంకుతూ నా బల్ల దగ్గరకు వచ్చి, “మేడమ్, పేపర్లో ఎనిమిదే అని రాసినారు కదా?” అని అడిగాడు. ఆ వార్త నేనూ చదివాను. అయినా “పుస్తకంలో ఉన్నదే రాయాల, పోయి కూర్చో” అన్నాను. తరగతి ముందు తగ్గడం నాకు చిన్నతనమనిపించింది. అతడు మళ్లీ నన్ను ఏ ప్రశ్నా అడగలేదు. మార్కు పోయినందుకు కాదు, ఆ మౌనానికే నేను ఇప్పటికీ బాధపడుతున్నాను. హెర్షెల్ తోకచుక్క అనుకున్నాడు, కావలూరు వారు చంద్రుడనుకున్నారు, లోకమంతా ప్లూటోను గ్రహమనుకున్నది. పొరబడటం ఎవరికీ తప్పలేదు; సరిదిద్దుకున్నందువల్లనే విజ్ఞానం ముందుకు సాగింది. నేను మాత్రం ఆనాడు సరిదిద్దుకోలేదు. ఈ సంచిక అతని చేతికి అందితే, ఆ మార్కు నేను బాకీ ఉన్నానని గ్రహించగలడు.

అన్వేషణ ఇంకా ముగియలేదు. సుదూర లోకాలు కొన్ని ఒకే దిక్కుకు ఒరిగి తిరుగుతున్న తీరును బట్టి, భూమికి అనేక రెట్లు బరువైన గ్రహం ఒకటి దాగి ఉండవచ్చునని 2016లో బాటిగిన్, బ్రౌన్ ప్రతిపాదించారు. అది ఇప్పటికీ ఎవరి కంటికీ చిక్కలేదు. అసలు ఉన్నదో లేదో కూడా తేలలేదు. చిలీ దేశపు కొండ మీద నిర్మితమై 2025లో తొలి చిత్రాలు అందించిన రూబిన్ వేధశాల ఆ ప్రశ్నకు బదులు చెప్పవచ్చు.

వాన కరువైన మన సీమకు దేవుడు నిర్మలమైన ఆకాశాన్ని ధారాళంగా ఇచ్చాడు. తిరుమణి ప్రాంతంలో పగటి ఎండను విద్యుత్తుగా మార్చుకుంటున్నాము. రాత్రి ఆకాశాన్ని మాత్రం వినియోగించుకోవడం లేదు. పూర్వ విద్యార్థులు ఈ అమృతోత్సవానికి ఏదైనా కానుక ఇవ్వదలచితే, బడికి ఒక చిన్న దూరదర్శినిని ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను. శని వలయాలు కనబడటానికి చిన్నదే చాలు. గుడిలో దండం పెట్టుకొని వచ్చిన పిల్లలు మేడ మీదికెక్కి ఆ గ్రహాన్ని కళ్లారా చూడాలి. దానికి ఆవల ఏమున్నదని అడగాలి. ఈసారి ఏ ఉపాధ్యాయినీ వారిని పోయి కూర్చోమనదని హామీ ఇస్తున్నాను.