చెత్తకు నిధులు: పత్తి బేలు నుంచి పేడపెట్టె దాకా

2022 మార్చి 9వ తేదీ. రాయపూర్‌లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ. రాష్ట్ర బడ్జెట్ ప్రవేశపెట్టడానికి అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ఒక పెట్టె పట్టుకుని వచ్చారు. బడ్జెట్ రోజున పెట్టె తేవడం మామూలే. అయితే ఈ పెట్టెను తోలుతో చేయలేదు. ఆవుపేడతో చేశారు! రాయపూర్‌లోనే ఒక మహిళా స్వయం సహాయక బృందం దాన్ని తయారుచేసింది. గోమయంలో లక్ష్మి ఉంటుందనే అర్థం వచ్చే సంస్కృత వాక్యం దాని మీద రాసి ఉంది.

మీకు నవ్వు రావచ్చు. కాని ఆ పెట్టె వెనుక ఒక పెద్ద ప్రశ్న ఉంది. పేడ, కూరగాయల తొక్కలు, ఎండుటాకులు, మిగిలిన అన్నం వంటి సేంద్రియ వ్యర్థాలు ఎరువుగా ఎలా మారతాయో మీరు పాఠాల్లో చదివే ఉంటారు. ఒక పాలు నత్రజనికి సుమారు 30 పాళ్ల కార్బన్, తగినంత తేమ, గాలి ఉంటే చాలు, సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకుపోతాయి. వాటికి జీతం అక్కర్లేదు. కాని ఇంటింటా చెత్త సేకరించేవారికి, తడిచెత్తను పొడిచెత్తను వేరుచేసేవారికి, కుప్పను తిరగవేసేవారికి కూలి కావాలి కదా! ఆ డబ్బు ఎవరిచ్చారు? ఏ పేరుతో ఇచ్చారు? నూరేళ్ల చరిత్రను ఈ ప్రశ్నతో చూద్దాం.

పత్తి పన్నుతో పుట్టిన కంపోస్టు

రాయపూర్ అప్పట్లో బ్రిటిష్ వారి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. దానికి పశ్చిమాన, పత్తి పండే మాళవ ప్రాంతంలో హోల్కర్ల సంస్థానం ఇండోర్. ఆధునిక కంపోస్టు కథ అక్కడే మొదలైంది.

ఆల్బర్ట్ హోవార్డ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1905లో బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థలో చేరాడు. అక్కడ నేలను ఒక విభాగం, తెగుళ్లను మరో విభాగం, పురుగులను ఇంకో విభాగం చూసేవి. పైరును మొత్తంగా చూడాలన్నది హోవార్డ్ కోరిక. అందుకు వేరే సంస్థ కావాలి, దానికి డబ్బు కావాలి. ఎవరినడగాలి?

అప్పటికి ఇండియన్ సెంట్రల్ కాటన్ కమిటీ ఏర్పడింది. 1923లో వచ్చిన చట్టం ప్రకారం పత్తి మీద వసూలైన చిన్న సెస్సు ఈ కమిటీకి చేరేది. ఆ సొమ్ముతో, మధ్యభారత సంస్థానాల సాయంతో, ఇండోర్ దర్బారు ఇచ్చిన భూమిలో 1924లో ‘ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లాంట్ ఇండస్ట్రీ’ వెలిసింది. గమనించండి: కంపోస్టు కోసమని ఎవరూ గ్రాంటు ఇవ్వలేదు. ఇచ్చింది పత్తి కోసం. పత్తి బాగా పండాలంటే నేలలో సారం ఉండాలి, సారం కావాలంటే ఎరువు కావాలి అన్న దారిలో హోవార్డ్ చెత్త దగ్గరికి వచ్చాడు.

పత్తికట్టె గట్టిది, త్వరగా కుళ్లదు. దాన్ని బండ్లు తిరిగే బాటల మీద పరిచి, చక్రాల కింద నలగనిచ్చేవారు. తర్వాత పశువుల కింద పరుపుగా వేసేవారు. పేడతో, మూత్రం ఇంకిన మట్టితో, బూడిదతో కలిపి, తడిపి, మధ్యమధ్య తిరగవేస్తే దాదాపు మూడు నెలల్లో ఎరువు సిద్ధం. మన పల్లెల పెంటకుప్పకు శాస్త్రీయమైన లెక్క కుదిరిందన్నమాట. ‘ఇండోర్ పద్ధతి’గా పేరుపొందిన దీన్ని హోవార్డ్, యశ్వంత్ వాడ్ కలిసి 1931లో పుస్తకంగా ప్రచురించారు.

ఆకలి తెచ్చిన నిధులు

పొలంలో సాగిన పని పట్టణంలో సాగలేదు. కుప్పను పదేపదే తిరగవేయాలంటే పురపాలక సంఘాలకు కూలి ఖర్చు భారమైంది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.ఎన్. ఆచార్య 1939 ప్రాంతంలో దీనికి పరిష్కారం చూపాడు. పట్టణపు చెత్తను, మానవ మలాన్ని గోతిలో పొరలు పొరలుగా నింపి పైన మట్టితో కప్పేస్తే, తిరగవేసే పని లేకుండా కొన్ని నెలల్లో ఎరువవుతుంది. ఆలస్యమైనా ఖర్చు తక్కువ, నత్రజని నష్టమూ తక్కువ. ఇదే ‘బెంగళూరు పద్ధతి’. చూశారా, డబ్బు కొరత కూడా ఒక్కోసారి విజ్ఞానశాస్త్రాన్ని ముందుకు నెడుతుంది!

ఆ తర్వాత యుద్ధం, 1943లో బెంగాల్ కరవు. ‘అధికాహారోత్పత్తి’ ఉద్యమంలో భాగంగా పట్టణ కంపోస్టుకు ప్రభుత్వ సాయం అందింది. ఈసారి చెత్తకు నిధులు తిండిగింజల పేరుతో వచ్చాయి.

1970లలో మరో ప్రయత్నం జరిగింది. ప్రభుత్వ ప్రోత్సాహంతో కొన్ని పెద్ద నగరాల్లో యాంత్రిక కంపోస్టు కర్మాగారాలు కట్టారు. యంత్రాలకు డబ్బు దొరికింది. కాని వాటిలోకి వచ్చింది గాజుపెంకులు, ప్లాస్టిక్కు కలిసిన చెత్త. తయారైన ఎరువును రైతు ఇష్టపడలేదు. నడిపే ఖర్చు రాబడిని మించింది. ఒక్కొక్కటే చాలామటుకు మూతపడ్డాయి. గ్రాంటు గోడలు కట్టగలదు గాని, రోజూ గేటు తెరవలేదు.

కోర్టు నుంచి కాలనీకి

1994లో సూరత్‌లో ప్లేగు వార్త దేశాన్ని కుదిపింది. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2000లో పట్టణ ఘనవ్యర్థాల నియమాలు వచ్చాయి. నియమాలు వచ్చాక డబ్బు మాట వచ్చింది. 2005-10 కాలానికి పన్నెండో ఆర్థిక సంఘం పట్టణ సంస్థలకు 5,000 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో కనీసం సగం ఘనవ్యర్థాల నిర్వహణకే అంది. 2014లో మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్‌లోనూ, 2021లో వచ్చిన దాని రెండో దశలోనూ ఈ పనికి కేంద్ర సాయం ఉంది.

మన ప్రాంతం సంగతేమిటి? ఈ శతాబ్దం మొదట్లో సూర్యాపేట పురపాలక సంఘం పెద్ద గ్రాంటు కోసం ఎదురుచూడకుండా తడి, పొడి చెత్తను ఇంటి దగ్గరే వేరుచేయించి, వానపాముల ఎరువు తయారుచేసి పేరు తెచ్చుకుంది. హైదరాబాదులోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌ది మరో దారి. అక్కడ రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాలతో బయోగ్యాస్, దాంతో సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తయారుచేసేలా ప్లాంటు పెట్టారు. సాంకేతిక పరిజ్ఞానం హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థది. నిధులు కేంద్ర జీవసాంకేతిక విభాగం నుంచి, రాష్ట్ర మార్కెటింగ్ శాఖ నుంచి వచ్చాయి. ఇక్కడ చెత్త ‘పరిశోధన’ పేరుతోనూ, ‘ఇంధనం’ పేరుతోనూ నిధులు పొందింది.

మళ్లీ రాయపూర్‌కు

ఇప్పుడు ఆ పేడపెట్టె అర్థం తెలుస్తుంది. 2020 జూలై 20న, ఛత్తీస్‌గఢ్ రైతుల హరేలీ పండుగనాడు, గోధన్ న్యాయ్ యోజన మొదలైంది. పశుపాలకుల నుంచి ప్రభుత్వం కిలో 2 రూపాయలకు పేడ కొనేది. మహిళా బృందాలు దాన్ని వానపాముల ఎరువుగా మార్చేవి. ఎరువు ధర మొదట కిలో 8 రూపాయలు, తర్వాత 10 రూపాయలు. ఒక లెక్క వేసి చూడండి. మూడు కిలోల పేడ ఒక కిలో ఎరువవుతుందనుకుంటే, పేడకే 6 రూపాయలు పోతాయి. మిగిలిన 4 రూపాయల్లో కూలి, సంచి, రవాణా అన్నీ సరిపోవాలి. పైగా ఎరువు అమ్ముడుపోవాలి. ఇక్కడ డబ్బు గోడలకు కాక సరుకుకు, శ్రమకు అందింది. అది మంచి మార్పే. కాని కొనేది ప్రధానంగా ప్రభుత్వమే. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. పథకం ఆ రూపంలో సాగలేదు.

అదే రాష్ట్రంలో ఉత్తరాన ఉన్న అంబికాపూర్ చిన్న పట్టణం. అక్కడ 2015 ప్రాంతం నుంచి మహిళా బృందాలు ఇంటింటా చెత్త సేకరించి వేరుచేస్తున్నాయి. ఇళ్లవారు ఇచ్చే నెలవారీ రుసుము, పొడిచెత్త అమ్మకం వారి ఆదాయంలో ముఖ్య భాగం. ప్రారంభానికి ప్రభుత్వం చేయూతనిచ్చింది. నడకకు పట్టణమే ఊపిరి పోసింది.

ఈ నూరేళ్ల కథ ఏం చెబుతోంది? చెత్తకు చెత్త పేరుతో నిధులు దొరకడం అరుదు. పత్తి, తిండి, ఆరోగ్యం, ఇంధనం, ఉపాధి - ఎవరి ఇబ్బందిని అది తీరుస్తుందో చూపినప్పుడే ఖజానా తలుపు తెరుచుకుంది. ఆ తలుపు మూసుకున్నాక కూడా పని సాగాలంటే ఎరువు కొనేవాడు, రుసుము చెల్లించే ఇల్లు ఉండాలి.

మీ కళాశాల హాస్టల్‌కో, మీ వాడకో కంపోస్టు గుంట కావాలని పురపాలక సంఘానికి అర్జీ రాయాలనుకుంటున్నారా? ముందు ఒక వారం తడిచెత్తను రోజూ తూచి రాసుకోండి. ఎరువు ఎవరికి కావాలో అడిగి తెలుసుకోండి. మొదటి ఏడాది గడిచాక కూలి ఎవరిస్తారో తేల్చుకోండి. ఈ మూడూ అర్జీలో ఉంటే, చదివే అధికారి అడగబోయే ప్రశ్నలకు ముందే జవాబు చెప్పినవారవుతారు. తూకం పని రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. దానికి ఏ గ్రాంటూ అక్కర్లేదు.